చచ్చి బతికినవాళ్లు

కథలో ఒక మనిషి చనిపోయాడని అందరూ నమ్ముతారు. ఏడుస్తారు, కర్మ చేస్తారు, ఆస్తి పంచుకుంటారు. తరవాత ఒకనాడు ఆ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఇది చాలా పాత ఎత్తుగడ. పురాణాల్లో వుంది, సంస్కృత నాటకాల్లో వుంది, పందొమ్మిదో శతాబ్దపు యూరపు నవలల్లో వుంది, లోయలో పడిన హీరో ఆఖరి రీలుకు తిరిగివచ్చే సినిమాల్లో వుంది. మన విమర్శకులు దీన్ని కథ నడిపే కిటుకుగా చూసి వదిలేస్తారు. పాఠకుణ్ణి ముందు ఏడిపించి తరవాత సంతోషపెట్టటానికి రచయిత వేసిన ఎత్తు అంటారు.

కిటుకే. కాదనను. కాని కిటుకులకు కూడా చరిత్ర వుంటుంది. మనిషి చచ్చిపోయాడని నిర్ణయించేవాళ్లు ఎవరు? ఆ చావువల్ల లాభం ఎవరికి? "నేను బతికేవున్నాను" అని అతను తిరిగివస్తే, నమ్మటానికి లోకం అడిగే రుజువేమిటి? ఈ మూడు ప్రశ్నలూ వేసుకుని ఈ కథలను వరసగా చదివితే అవి కథల చరిత్రగా మాత్రమే మిగలవు. ఏ కాలంలో ఏ సమాజం ఎవరిని బతికినవాళ్లుగా లెక్కపెట్టిందో అవి చెబుతాయి.

మనకు బాగా తెలిసిన కథతో మొదలుపెడదాం. ఆదిపర్వంలో లక్క యింటి కథ వుంది. నన్నయ తెనిగించిన భాగంలోది కనుక తెలుగువారికి దాదాపు వెయ్యేళ్ల పరిచయం. దుర్యోధనుడు పాండవులను వారణావతానికి పంపించి, పురోచనుడిచేత లక్కతో ఇల్లు కట్టించాడు. విదురుడు ముందే హెచ్చరించి, సొరంగం తవ్వటానికి మనిషిని పంపాడు. అదను చూసి పాండవులు తామే ఇంటికి నిప్పుపెట్టి సొరంగంలోనుంచి బయటపడ్డారు. తెల్లవారి జనం బూడిదలో వెతికితే ఒక స్త్రీ శవమూ, అయిదుగురు మగవాళ్ల శవాలూ దొరికాయి. కుంతీ, ఆమె కొడుకులూ మరణించారని హస్తినాపురానికి కబురు పోయింది. ధృతరాష్ట్రుడు కన్నీరు కార్చి ఉత్తరక్రియలు జరిపించాడు.

ఆ ఆరు శవాలూ ఎవరివి? ఆ రాత్రి కుంతి అన్నదానం చేసింది. ఒక నిషాద స్త్రీ తన అయిదుగురు కొడుకులతో వచ్చింది. అన్నం కోసం వచ్చిందనే సంస్కృత భారతం స్పష్టంగా చెబుతుంది. కడుపునిండా తిని, తాగి, తల్లీకొడుకులు వొళ్లు తెలియకుండా అక్కడే నిద్రపోయారు. నిప్పు రాజుకున్నప్పుడు వాళ్లను లేపినవాళ్లు లేరు. పాండవులు చచ్చినట్టు లోకం నమ్మటానికి ఆరు శవాలు కావాలి. ఆ ఆరు శవాలనూ అడవిలోనుంచి ఆకలి తీసుకువచ్చింది. కవి కాలం ప్రేరేపించగా వచ్చారన్నాడు. వాళ్ల పేర్లు చెప్పలేదు.

పాండవులు ఏకచక్రపురంలో బిచ్చమెత్తుకుని బతికారు. తరవాత ద్రౌపదీ స్వయంవరానికి వెళ్లారు. అక్కడ అర్జునుడు మత్స్యయంత్రం కొట్టాడు. బాణం వేసిన తీరే అతన్ని పట్టిచ్చింది. ద్రుపదుడు వియ్యంకుడయ్యాడు. చచ్చినవాళ్లు పాంచాల రాజు బలంతో తిరిగిలేచారు కనుక, అర్ధరాజ్యం ఇవ్వక ధృతరాష్ట్రుడికి తప్పలేదు. ఆ రాజ్యం సాగించిన మొదటి పెద్దపని ఖాండవ దహనం. ఒక నిప్పు నిషాదులను కాల్చి పాండవులను బతికించింది. రెండో నిప్పు అడవినీ, అందులోని నాగులనూ కాల్చి వాళ్లకు నేల ఇచ్చింది.

"ఏనాటి కథనో తీసుకుని ఈనాటి తీర్పు చెప్పటం న్యాయమా?" అని అడగవచ్చును. ఇక్కడ తీర్పు కన్న ముఖ్యమైనది మరొకటి వుంది. భారతం ఆ ఆరు శవాలనూ దాచలేదు. దాచదలుచుకుంటే దాచవచ్చు, సొరంగం ఒక్కటే కథకు సరిపోయేది. దాచకుండా చెప్పింది కాని, చెప్పి ఆగలేదు. కొన్ని శ్లోకాల్లో ముగించి ముందుకు పోయింది. ఆ ఆగవలసిన చోట ఆగినవారు మన కాలపు బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి. ఆమె రాసిన ఒక కథలో యుద్ధం ముగిసిన తరవాత కుంతి ముసలితనంలో అడవికి వస్తుంది. ఆనాడు కాలిపోయిన నిషాది కోడలు ఆమె ఎదుట నిలబడి లెక్క అడుగుతుంది. కుంతికి తన పాపాలు ఎన్నో గుర్తున్నాయి. ఇది మాత్రం గుర్తులేదు. పాండవుల చావు అబద్ధమని తేలినప్పుడు లోకమంతా సంతోషించింది. వాళ్లకు బదులు చచ్చినవాళ్ల చావు నిజమని చెప్పటానికి కోడలు మాత్రమే మిగిలింది.

రెండో ఉదాహరణ భాసుడిదని చెబుతున్న స్వప్నవాసవదత్తం. టి. గణపతిశాస్త్రి వెలికితీసి 1912లో తిరువనంతపురంనుంచి ప్రచురించేదాకా ఈ నాటకం పేరే తప్ప లోకానికి దక్కలేదు. భాసుడు కాళిదాసుకు ముందటివాడు. మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో కాళిదాసే అతన్ని పేర్కొన్నాడు. వత్సరాజు ఉదయనుడు శత్రువుకు రాజ్యం పోగొట్టుకున్నాడు. తిరిగి సంపాదించాలంటే మగధ రాజు సహాయం కావాలి. దానికి అతని చెల్లెలు పద్మావతిని పెళ్లాడాలి. ఉదయనుడు భార్య వాసవదత్తను ప్రాణంగా ప్రేమిస్తున్నాడు. ఆమె వుండగా మరో పెళ్లి చేసుకోడు. కాబట్టి మంత్రి యౌగంధరాయణుడు ఆమెను "చంపాడు". లావాణకంలో రాజు విడిది కాలిపోయిందనీ, అందులో రాణీ, మంత్రీ కాలిపోయారనీ పుకారు పుట్టించాడు. వాసవదత్త మారువేషంలో పద్మావతి దగ్గరే వుండి, తన భర్త రెండో పెళ్లికి తన చేతులతో పూలమాల కట్టింది.

ఇందులో భాసుడి కళ గొప్పది. మాల కడుతున్న ఆ చేతులను చూపించిన కవి రాజకీయం వెనక మనిషి పడే బాధ తెలిసినవాడు. ఆ బాధను తీసిపారేసి, "ఇది ఫ్యూడల్ నాటకం" అని చీటీ అంటించటం యాంత్రికమైన విమర్శ అవుతుంది. కాని ఆ బాధను అనుభవిస్తూ కూడా, ఆమె చావునుంచి రాజ్యం పుట్టిందన్న సంగతి మరిచిపోనక్కరలేదు. రాజ్యం చేతికి వచ్చిన తరవాత ఉజ్జయినినుంచి పంపిన చిత్రపటం సహాయంతో ఆమె బతికింది. పటంలో బొమ్మా, ఎదుటి ముఖమూ ఒకటేనని పద్మావతి గుర్తించింది.

రాజుల కథల్లో చావు ఒక ఉపాయం. ఎప్పుడు చావాలో, ఎప్పుడు తిరిగిరావాలో రాజులూ మంత్రులూ నిర్ణయించుకుంటారు. రుజువు వాళ్ల దగ్గరే వుంటుంది: ఒకడికి బాణం వేసే నేర్పు, మరొకతెకు పటం. పాత సమాజంలో మనిషి ఎవరో చెప్పేది పుట్టుక. పుట్టుకను బూడిద కప్పలేదని ఈ కథల నమ్మకం.

ఇప్పుడు 1832కు వద్దాం. ఆ సంవత్సరం బాల్జాక్ పారిస్ పత్రికలో ఒక కథ ప్రచురించాడు. తరవాత మార్పులతో దానికి "కర్నల్ షబేర్" అనే పేరు స్థిరపడింది. షబేర్ అనాథ శరణాలయంలో పెరిగినవాడు. నెపోలియన్ సైన్యంలో చేరి కర్నల్ అయ్యాడు, కౌంట్ బిరుదు పొందాడు. 1807 ఫిబ్రవరిలో ఐలౌ యుద్ధంలో తలకు దెబ్బ తగిలి పడిపోతే, చచ్చాడని శవాల గుంటలో పారేసి మట్టి కప్పారు. శవాల మధ్య స్పృహ వచ్చి, తెగిన ఒక చెయ్యి దొరికితే దానితో మట్టి తోసుకుంటూ పైకి వచ్చాడు. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి పారిస్ చేరుకుంటే, అప్పటికి నెపోలియన్ పోయి పాత రాజవంశం తిరిగివచ్చింది. తన ఇల్లు అమ్మేశారు, పడగొట్టారు. వీధి పేరు కూడా మారింది. భార్య అతని ఆస్తితో ఒక ప్రభువును పెళ్లాడి పిల్లల్ని కన్నది.

షబేర్ దగ్గర అర్జునుడి బాణం లేదు. యుద్ధంలో వీరుడే, కాని శాంతికాలంలో వీరత్వానికి రసీదు అడుగుతారు. అతను మరణించినట్టు ప్రభుత్వ పత్రాలున్నాయి. బతికివున్నట్టు అతని శరీరం తప్ప మరేమీ లేదు. బూర్జువా చట్టం ఎదుట శరీరానికి సాక్ష్యం విలువ లేదని బాల్జాక్ కనిపెట్టాడు. ప్లీడరు డెర్విల్ ఒక్కడు అతన్ని నమ్మాడు. నమ్మి కూడా, కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది, డబ్బు అవుతుంది, రాజీ పడమన్నాడు. భార్య అతన్ని చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టటంవల్లనే భయపడింది. ప్రేమ నటించి, అతని చేత "నేను షబేర్‌ను కాను" అనిపించాలని పన్నాగం పన్నింది. అది బయటపడ్డాక అతను అసహ్యించుకుని అన్నీ వదిలేసి వెళ్లిపోయాడు. కథ ముగింపులో అతను ముసలివాళ్ల ధర్మశాలలో వుంటాడు. పేరు కూడా చెప్పడు. తాను ఫలానా నంబరునని చెబుతాడు.

బాల్జాక్ రాజభక్తుడు. అయినా ఫ్రెంచి సమాజాన్ని గురించి ఆర్థికశాస్త్రజ్ఞులందరి దగ్గరకన్న అతని దగ్గరే ఎక్కువ నేర్చుకున్నానని ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఎందుకన్నాడో ఈ ఒక్క కథ చదివినా తెలుస్తుంది. పాండవులు తిరిగివచ్చేసరికి వాళ్ల పక్షాన ఒక రాజ్యం నిలిచింది. షబేర్ తిరిగివచ్చేసరికి అతని ఆస్తి వేరొకరి చేతుల్లో పెరిగి పెద్దదై కూచుంది. మనిషి తిరిగివస్తే ఆస్తికి ప్రమాదం. కాబట్టి మనిషే చచ్చి వుండాలి.

డికెన్స్ 1864, 65 సంవత్సరాల్లో నెలనెలా ప్రచురించిన చివరి పూర్తి నవలలో ఇదే సమస్యను మరోవైపునుంచి చూశాడు. చెత్తకుప్పల వ్యాపారంతో ధనవంతుడైన ఒక ముసలివాడి కొడుకు జాన్ హార్మన్ థేమ్స్ నదిలో మునిగి చచ్చాడని అందరూ అనుకుంటారు. అతను మారుపేరుతో తన ఆస్తి దగ్గరే గుమాస్తాగా చేరి, ఆ డబ్బు తన చుట్టూవున్నవాళ్లను ఏం చేస్తున్నదో గమనిస్తాడు. చివరకు పెళ్లీ, ఆస్తీ రెండూ దక్కుతాయి. ఈ ముగింపు డికెన్స్ మంచితనం. బాల్జాక్‌కు ఆ మంచితనం లేదు. అయితే ఇక్కడ కూడా హార్మన్ చచ్చినట్టు లోకం నమ్మటానికి ఒక శవం కావలసివచ్చింది. అది అతని బట్టలు వేసుకుని అతన్ని దోచుకోబోయిన ఒక ఓడ ఉద్యోగిది. దాన్ని నదిలోనుంచి లాగినవాడు శవాల జేబులు వెతికి పొట్టపోసుకునే పేదవాడు. నిషాది కాలంనుంచి నవల కాలందాకా ధనవంతుడి దొంగచావుకు శవం పైవాళ్లనుంచి రాలేదన్నమాట.

మన దేశానికి వద్దాం. రవీంద్రుడు 1892లో రాసిన "జీవితో మృతో" అన్న కథలో కాదంబిని జమీందారు ఇంట్లో బతికే వితంతువు. ఆమెకు పుట్టింటివాళ్లు లేరు, బిడ్డలు లేరు. బావగారి చిన్నకొడుకును ప్రాణంగా పెంచింది. ఒకనాడు ఆమె గుండె హఠాత్తుగా ఆగినట్టయింది. పోలీసుల గొడవ రాకుండా జమీందారు తన ఉద్యోగులు నలుగురిచేత హడావుడిగా శ్మశానానికి పంపించాడు. కట్టెల కోసం ఎదురుచూస్తూ వాళ్లు కాస్త పక్కకు పోయినప్పుడు, వానరాత్రి చీకట్లో, ఆమెకు స్పృహ వచ్చింది. తిరిగివచ్చి చూస్తే శవం లేదు. ఏమవుతుందోనన్న భయంతో వాళ్లు దహనం అయిపోయిందని యజమానికి చెప్పారు. అబద్ధం ఆడింది నలుగురు జీతగాళ్లు, చచ్చిపోయింది కాదంబిని.

ఇక్కడ రవీంద్రుడు బాల్జాక్ కన్న ఒక అడుగు లోపలికి వెళ్లాడు. షబేర్ తాను బతికేవున్నానని ఎన్నడూ సందేహించలేదు. కాదంబినికి తనమీదే నమ్మకం లేదు. శ్మశానంలో లేచింది కనుక తాను దయ్యమనే ఆమె అనుకుంది. బతికివున్నప్పుడే ఇంట్లో ఆమెకు తనదంటూ ఏ చోటూ లేదు. ఆస్తి లేదు, హక్కు లేదు, పిలిచే పేరు కూడా వేరొకరి సంబంధంతోనే. అటువంటి మనిషి బతుక్కూ చావుకూ మధ్య వున్న గీత అంత సన్నం. స్నేహితురాలి ఇంటికి పోతే అక్కడా నిలవనివ్వలేదు. తిరిగి జమీందారు ఇంటికి వస్తే, జబ్బుపడ్డ పిల్లవాడు మాత్రం నిద్రలో కూడా ఆమె చేతిని గుర్తించాడు. అతను రుజువులు అడగలేదు. బావగారు మాత్రం చేతులు జోడించి, మా కుటుంబాన్ని విడిచిపొమ్మని వేడుకున్నాడు. తన వొంటినుంచి నెత్తురు కారినా వాళ్లు నమ్మలేదు. ఆమె లోపలి కోనేట్లో దూకింది. చచ్చిపోగల మనిషి అంతదాకా బతికివున్నట్టే కదా! అంతకు తక్కువ సాక్ష్యం ఆ ఇంటికి చాలలేదు.

1900లో టాల్‌స్టాయి రాసి, తన జీవితకాలంలో ప్రచురించక విడిచిన నాటకం "సజీవ శవం". అది 1911లో అచ్చయింది. అదే సంవత్సరం మాస్కో ఆర్ట్ థియేటర్ ప్రదర్శించింది. ఇందులో ఫేద్య తాగుబోతు, కాని అబద్ధానికి లొంగనివాడు. భార్య మరొక సత్పురుషుణ్ణి ప్రేమిస్తున్నదని అతనికి తెలుసు. విడాకులిద్దామంటే రష్యా చర్చి చట్టం అడ్డుపడింది: ఒకరు వ్యభిచారం చేసినట్టు దొంగసాక్ష్యాలు పుట్టించాలి. అందుకు అతను వొప్పుకోలేకపోయాడు. బదులుగా నది వొడ్డున బట్టలు వదిలి చచ్చిపోయినట్టు నటించాడు. నిజం బయటపడ్డప్పుడు భార్య రెండు పెళ్లిళ్లు చేసుకున్న నేరస్థురాలయింది. ఆమెను విడిపించటానికి ఫేద్య కోర్టులోనే తుపాకితో కాల్చుకున్నాడు. ఇది ఊహించిన కథ కాదు. 1890లలో మాస్కోలో నడిచిన గిమ్మెర్ దంపతుల కేసు దీనికి ఆధారం. ఆ దంపతుల కొడుకే తరవాత 1917 విప్లవాన్ని గురించి పెద్ద జ్ఞాపకాల గ్రంథం రాసిన సుఖానొవ్.

షబేర్, కాదంబిని, ఫేద్య: ముగ్గురి కథల్లోనూ ఒకే సూత్రం నడుస్తున్నది. వాళ్లను చంపింది యుద్ధమూ కాదు, జబ్బూ కాదు, నదీ కాదు. వాటినుంచి ముగ్గురూ బయటపడ్డారు. తిరిగివచ్చిన తరవాతనే చచ్చారు. ఆస్తి ఒకణ్ణి చంపింది, జమీందారీ కుటుంబం ఒకతెను చంపింది, చర్చి చట్టం ఒకణ్ణి చంపింది.

ఈ లోపల పత్రికల మార్కెట్టు మరో రకం పునర్జన్మను తయారుచేసింది. కానన్ డాయిల్ 1893 డిసెంబరులో షెర్లాక్ హోమ్స్‌ను స్విట్జర్లండులోని రైకెన్‌బాక్ జలపాతంలో తోశాడు. అతనికి ఆ పాత్రమీద విసుగు పుట్టింది. చారిత్రక నవలలు రాసుకోవాలనుకున్నాడు. పాఠకులు వొప్పుకోలేదు, ప్రచురణకర్తలు వొప్పుకోలేదు. 1903లో అమెరికన్ పత్రిక పెద్ద మొత్తం ఇవ్వజూపితే హోమ్స్ తిరిగివచ్చాడు. శవం దొరకలేదు కనుక అతను అసలు పడనేలేదని చెప్పటానికి అడ్డం లేకపోయింది. నాకు హోమ్స్ కథలమీద ద్వేషం లేదు. నేనూ చదివి సంతోషించినవాణ్ణే. కాని తేడా చూడాలి. షబేర్ బతికితే ఆస్తికి నష్టం, అందుకని అతను బతకకూడదు. హోమ్స్ చస్తే వ్యాపారానికి నష్టం, అందుకని అతను చావకూడదు. ఈనాడు లోయలో పడిన హీరో లేచి వచ్చేది ఈ రెండో దారినే. అతన్ని ఎవరూ రుజువు అడగరు. సంగీతం మోగుతుంది, హాలు ఈల వేస్తుంది.

జనం కూడా కొందరి చావుకు వొప్పుకోరు. మెక్సికోలో రైతుల నాయకుడు జపాటాను 1919 ఏప్రిల్‌లో నమ్మించి పిలిచి కాల్చిచంపారు. శవాన్ని బహిరంగంగా ప్రదర్శించారు. అయినా చాలామంది రైతులు అది అతని శవం కాదన్నారు. అతని గుర్రం కొండల్లో తిరుగుతున్నదన్నారు. ఇది అజ్ఞానమని నవ్వటం తేలిక. భూమి సమస్య తీరనంతకాలం దానికోసం పోరాడినవాడు పూర్తిగా చావటం జనానికి కుదరదు. హోమ్స్‌ను బతికించిన కోరికకూ దీనికీ పోలిక పైపైనే. అక్కడ పాఠకుడు మరో కథ కొనుక్కోవాలనుకున్నాడు. ఇక్కడ రైతు తన పని మిగిలివున్నదని చెప్పుకున్నాడు.

ఇవన్నీ పాతకథలు, షబేర్‌లు ఈనాడు లేరు అనుకునేవాళ్లకోసం చివరి మాట. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో లాల్ బిహారీ అనే చిన్న రైతు 1970లలో అప్పుకోసం పత్రాలు తెచ్చుకోబోయి, రెవెన్యూ లెక్కల్లో తాను చనిపోయివున్నట్టు తెలుసుకున్నాడు. అతని కొద్దిపాటి భూమి బంధువుల పేరుకు మారిపోయింది. బతికివున్న మనిషి కచేరీ ఎదుట నిలబడి "నేనే" అంటే, కాగితం కాదన్నది. అతను తన పేరు చివర "మృతక్" అని తగిలించుకున్నాడు. తనలాంటివాళ్లను కూడగట్టి మృతకుల సంఘం పెట్టాడు. తాను వున్నట్టు ఎక్కడో ఒకచోట నమోదు కావాలని ఎన్నికల్లో నిలబడ్డాడు. 1994లోగాని లెక్కల్లో అతను బతకలేదు.

షబేర్‌కూ లాల్ బిహారీకీ ఒక తేడా వుంది. ఆ తేడాయే ఈ చరిత్రలో ముఖ్యమని నా అభిప్రాయం. షబేర్ ఒంటరిగా అసహ్యించుకుని తప్పుకున్నాడు, కాదంబిని ఒంటరిగా కోనేట్లో దూకింది. ఈ రైతు మాత్రం లెక్కల్లో చచ్చిన మరికొందరిని వెతికి పట్టుకున్నాడు. రాజులకు తాము బతికివున్నట్టు రుజువు పుట్టుకతో వచ్చింది, ధనవంతులకు ఆస్తితో వచ్చింది. ఈ రెండూ లేనివాళ్లకు రుజువు సాటివాళ్లే ఇవ్వాలి.

లక్క యింట్లో కాలిపోయిన ఆరుగురికి ఆ రుజువు ఇంకా రావలసేవుంది. ఇక ముందు ఆదిపర్వం పాఠం చెప్పే ఉపాధ్యాయుడు సొరంగం దగ్గర ఒక్క నిమిషం ఆగి, పైన మిగిలిపోయినవాళ్లు ఎవరని పిల్లల్ని అడిగితే చాలు. కాదంబినిని గుర్తించినది కూడా పిల్లవాడే.